హస్త నుంచి రథసప్తమి దాకా

కోనసీమలో చలి వణికించేంత ఉండదు. తెల్లవారుజామున దుప్పటి ముసుగు పెట్టుకుని, ఎండ వాకిట్లోకి రాగానే మడత పెట్టేసేపాటి చలి. అయినా నా చిన్నతనంలో, 1960ల చివర, 70ల మొదట్లో, మా ఇళ్ళల్లో ఆ చలికాలం కోసం చేసినంత ఏర్పాటు మరే కాలానికీ చేసేవారు కాదు. అదంతా పెరట్లో జరిగేది.

హస్తకార్తె సెప్టెంబరు ఆఖరివారంలో వస్తుంది. అప్పటికి మూడు నెలలకు పైగా వానలు కురిసి పెరట్లో అడుగు పెట్టడానికి సందుండేది కాదు. బీరపాదు ఆకులు పండిపోయి, దోసతీగలు కుళ్ళి, బెండమొక్కలు మనిషెత్తు పెరిగి చివర్లలో నాలుగు ముదురుకాయలు వేలాడేసుకుని ఉండేవి. వాటి మొదళ్ళల్లో తుంగా గరికా అల్లుకుపోయేవి. వానకాలపు కాపు వెనకబడింది, చలికాలపు కాపుకి ఇంకా నెలలు పడుతుంది. ఆ సందుకాలంలో అరటికాయా, పెసరపప్పూ, తోటకూరా తిప్పితిప్పి వండేవారు. పిల్లలం మొహాలు ముడుచుకునేవాళ్ళం.

మామ్మ ఒక పొద్దున్న కొంగు బొడ్లో దోపుకుని పెరటి గుమ్మంలో నిలబడేది. ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒకసారి చూసేది. ఆ ఏడు ఏది ఎక్కడ వెయ్యాలో అప్పుడే తేలిపోయేది. పోయినేడు వంగ వేసినచోట ఈ ఏడు వంగ సరే, మిరప కూడా వెయ్యనిచ్చేది కాదు. రెండూ ఒక జాతివనేది. వంగ, మిరప, టమాటా ఒకే కుటుంబమనీ, ఎండుతెగులు మట్టిలోనే దాగి ఉండి మళ్ళీ వేసిన మొక్కను పట్టుకుంటుందనీ నేను కాలేజీలో చదువుకున్నాను. మామ్మకి అది అత్తగారు చెప్పిన మాట. ఆ అత్తగారికి ఎవరు చెప్పారో!

పొలం తాతయ్యది. విత్తనాల ధాన్యం ఎంత, ఎరువుకెంత, ఏ షావుకారుకి ఎంత కొలవాలి, అన్నీ ఆయన చూసుకునేవారు. ఆ లెక్కల్లో మామ్మ మాట అడిగినవాళ్ళు లేరు. పెరడు మాత్రం మామ్మది. అక్కడ ఏ మొక్క పెట్టాలన్నా, ఏ కాయ కొయ్యాలన్నా, కోసింది ఎవరికి పంపాలన్నా తాతయ్యంతటివారు కూడా ఆమెనడిగే చేసేవారు. ఎవరైనా చుట్టం వచ్చి "రెండు ఆనపకాయలు పట్టుకెళ్ళనా బాబాయ్" అంటే, "మీ పిన్నినడుగమ్మా" అనేవారు. ఆ ఇంట్లో మామ్మ ఎవరి అనుమతీ లేకుండా పదిమందికి పెట్టగలిగింది పెరటి కాయే. పెరళ్ళు పోయాయని ఇప్పుడు అందరూ కూరల గురించి బాధపడతారు. నాకు మామ్మ చేతిలోని ఆ పెట్టుబడి పోయిందే అనిపిస్తుంది.

దసరాల్లో తవ్వకం మొదలయ్యేది. ఊడ్పులు, కలుపులు అయిపోయి పొలంలో కాస్త తీరిక చిక్కిన రోజులవి. మా పాలేరు పెద్దాయన పారా గునపం పట్టుకుని వచ్చేవాడు. పిల్లలం ఆయన్ని తాతా అనే పిలిచేవాళ్ళం.

"పెద్దమ్మగారూ, ఇంకో వాన పడనియ్యండి. గొప్పు మెత్తగా లేస్తాది."

"వాన కోసం కూచుంటే చిత్త దాటిపోతుందయ్యా. ముందు పాత తీగలు లాగెయ్యి."

లాగిన తీగల్లో పచ్చివి గేదెకి, ఎండినవి పెంటకుప్పకి. తవ్విన మట్టిని రెండు మూడు రోజులు ఎండకి ఆరనిచ్చేవారు. తుంగ గడ్డలు చేత్తో ఏరాలి, అది పిల్లల పని. ఒక్క గడ్డ మిగిలినా వారంలో మళ్ళీ లేస్తుంది. తరవాత పెంటకుప్ప అడుగున నల్లగా మాగిన ఎరువు తట్టలతో తెచ్చి చల్లి, మళ్ళీ ఒకసారి తిరగేసి, మళ్ళు కట్టేవారు. మా నేల గోదావరి ఒండ్రు. వానకి గట్టిగా అణిగిపోయి ఎండకి పెచ్చు కడుతుంది. పొయ్యి బూడిదా, చివికిన ఊకా కలిపితేగాని వేళ్ళకి గాలి ఆడదు. అందుకే పొయ్యిలోంచి తీసిన బూడిదలో అంట్లకి పోగా మిగిలిందంతా ఏడాది పొడుగునా పెరటి మూల పాకలో ఓ పాత గోలెంలో పోసి ఉంచేవారు.

పెరడు మామ్మదని అంటున్నాను. ఆ మన్ను తిరగేసిన చేతులు మాత్రం ఆ తాతవీ, ఆయన ఇంటావిడవీ. కూలి వేరే ఇచ్చేవారు కాదు, ఏటా కళ్ళంలో కొలిచే ధాన్యంలోనే అదీ కలిసిపోయేది. వాళ్ళ పేటలో ఇళ్ళకి పెరళ్ళు లేవు. గుడిసె పక్కన ఓ ఆనపగింజ పెట్టి చూరు మీదికి పాకించుకునే జాగా ఉంటే గొప్ప. ఆ కాలాన్ని తలుచుకుని మురిసేవాళ్ళు ఈ మాట వదిలేస్తుంటారు. వదలకూడదు.

మళ్ళు కట్టడంకంటే ముఖ్యమైంది దడి. వానకి నానిన పాత దడి హస్త వచ్చేసరికి అక్కడక్కడా ఒరిగిపోయేది. దూడలూ మేకలూ కోళ్ళూ ఆ సందుల్లోంచే వచ్చి మొలకలు నమిలేసేవి. తాటిమట్టలు చీల్చి నిలువుగా నాటి, అడ్డంగా వెదురు బద్దలు పెట్టి, నానబెట్టిన తాటినారతో బిగించేవాళ్ళు. తాత బయట, మేం లోపల. బయటినుంచి సందులోకి దూర్చిన నార కొస పట్టుకుని తిప్పి మళ్ళీ బయటికి ఇవ్వాలి. ఆ పని కోసం మేం బడి మానడానికి కూడా సిద్ధంగా ఉండేవాళ్ళం.

ఇక చిక్కుడు పందిరి. ఆ పెరట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే, అందుకే కాస్త ఆగి చెబుతాను. చిక్కుడు గింజ ఆషాఢంలో పెడతారు. నూతి గట్టుకి కాస్త ఎడంగా, గేదెల పాక వెనక, మామ్మ గుంట తీయించి ఎరువు వేసి నాలుగు గింజలు పెట్టేది. శ్రావణ భాద్రపదాల్లో తీగ ఊరికే పెరుగుతుంది. చిన్న కర్ర పాతితే కర్ర దాటి, కంప వేస్తే కంప దాటి, పక్కనున్న జామచెట్టు ఎక్కుతుంది. ఆకు తప్ప పువ్వు ఉండదు. దసరాల నాటికి దానికి పందిరి వెయ్యాలి. నాలుగు సరుగుడు రాటలు పాతి, పైన వెదుళ్ళు పరిచి, వాటి మీద తాటిమట్టలూ ములగకొమ్మలూ అడ్డదిడ్డంగా వేసి కొబ్బరితాడుతో కట్టేవారు. ఎత్తు మామ్మ చెయ్యి ఎంతవరకు అందుతుందో అంతే. మగవాళ్ళ ఎత్తుకి వేస్తే కాయ కొయ్యడానికి రోజూ ఎవరినో ఒకరిని బతిమాలాలని ఆమె పట్టు.

పందిరెక్కిన తీగ కార్తీకంలో పూస్తుంది. గింజ ఆషాఢంలో పెట్టినా, ఆలస్యమై శ్రావణంలో పెట్టినా పూత మాత్రం దాదాపు ఒకే వేళకి వస్తుంది. పాత చిక్కుడు రకాలు పగటి పొడుగును బట్టి నడుస్తాయి. పొద్దు కురచై రాత్రి పొడుగైతేగాని వాటిలో పూత పుట్టదు. మార్గశిరాన మాట్లాడ పొద్దుండదని మన పెద్దలు ఆ కురచ పొద్దుల మీద సామెత చెప్పుకున్నారు. మనుషులకి పనులు తెమలని ఆ పొద్దుల్లోనే చిక్కుడు గుత్తులు గుత్తులుగా కాస్తుంది. మాది అంచున ఊదారంగు గీత ఉండే వెడల్పు కాయ. నేతిబొట్టు వేసి ఇగురు చేస్తే ఇంకో కూర అక్కర్లేదు.

దానికి శత్రువు పేనుబంక. చలి పడగానే లేతకొసల మీద నల్లగా పట్టేస్తుంది. మందు గోలెంలోని బూడిదే. పొద్దు పొడవకముందు, ఆకుల మీద మంచు ఆరకముందు, జల్లెడలో పోసుకుని పందిరి చుట్టూ తిరుగుతూ జల్లాలి. ఆ తడికి బూడిద అంటుకుని నిలుస్తుంది, ఎండెక్కాక జల్లితే గాలికి పోతుంది. కార్తీక స్నానానికి ఎలాగూ తెల్లవారుజామునే లేచేది కాబట్టి మామ్మకి అది వేరే పనిగా ఉండేది కాదు.

వంగకీ మిరపకీ నారుమడి వేరే. మంచం వెడల్పున మట్టి ఎత్తుగా పోసి, విత్తనం చల్లి, పైన పలచగా ఎరువుపొడి జల్లి, కొబ్బరాకు కప్పేవారు. చీమలు గింజలు మోసుకుపోకుండా చుట్టూ బూడిద గీత. నీళ్ళు చెంబుతో ఒంపకూడదు, చేతివేళ్ళ మీదుగా చిలకరించాలి. నెలరోజులకి నారు నాటుకొచ్చేది. నాటు ఎప్పుడూ పొద్దువాలాకే, రాత్రి చల్లదనంలో మొక్క తేరుకుంటుంది. ధనియాలు పీట మీద పోసి పొత్రంతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి చల్లేవారు, ఒక్కో బద్దలో ఒక్కో గింజ ఉంటుంది. మెంతులు నానబెట్టి చల్లితే నాలుగో రోజుకి మొలక. పాలకూరా చుక్కకూరా గట్ల వెంబడి. ముల్లంగి ఉండేది గాని మా ఇంట్లో ఎవరికీ అంత మక్కువ లేదు.

ఈ పనులన్నిటి మీదా తుఫాను భయం ఉండేది. మాకు అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. సముద్రం మీద వాయుగుండమని రేడియోలో చెబితే మొదట మగవాళ్ళు పొలంలో ఈనిక మీదున్న వరి గురించి దిగులుపడేవారు, ఆడవాళ్ళు పెరట్లోకి పరిగెత్తేవారు. ములగచెట్టు కొమ్మలు ముందే నరికేసేవారు. దాని కర్ర పెళుసు, గాలికి మొదలంటా విరుగుతుంది, నరికితే మళ్ళీ చిగురిస్తుంది. అరటిగెలలకి ఊతకర్రలు పెట్టేవారు. మళ్ళ గట్లు తెంపి నీళ్ళు వీధి కాలవలోకి పోయేలా దారి చేసేవారు. నారుమడి మీద తడిక వేసి రాళ్ళు పెట్టేవారు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసినప్పుడు, మా ఊళ్ళో దడి పడిపోయిందని ఏడ్చిన ఆడవాళ్ళే రెండు రోజుల తరవాత పేపరు చూసి, పెరళ్ళ ఊసెత్తడానికి సిగ్గుపడి, ఉన్న బియ్యం, బట్టలు మూటలు కట్టి పంపారు.

అసలు కూరల కాలం చలికాలమే ఎందుకయ్యిందో చెప్పాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక మా సీమ బతుకంతా కాలవలతో ముడిపడింది. కాలవ పారినంతకాలం నూతుల్లో నీళ్ళు పైనే ఉండేవి, వేసవిలో కాలవ కట్టేశాక అడుగంటేవి. ఆశ్వయుజం నుంచి మాఘం దాకా చేద నాలుగు బారలు దిగితే నీళ్ళు. ఎండ మంద్రం, పురుగు తక్కువ. ఇంట్లో స్నానాల నీళ్ళు కూడా నూతి చప్టా మీంచి చిన్న బోదెలో పడి కంద, చేమ, అరటి మొదళ్ళకి చేరేవి. ఒక్క చెంబు నీళ్ళు ఊరికే పోయేవి కావు.

కంద పనీ చలికాలానిదే. ఎండల్లో పాతిన కంద వానకాలమంతా గొడుగు విప్పుకుని, చలి పడగానే ఆకు పండి నేలకి వాలుతుంది. వాలాక తవ్వాలి. తవ్వినప్పుడు పెద్దగడ్డ పక్కనున్న పిల్లగడ్డలు విత్తనానికి ఉంచుకోవాలి. కంద బచ్చలి కూరలో ఆవ పెట్టడం మా ప్రాంతంలో తెలియని ఇల్లు లేదు. గుమ్మడి పందిరెక్కదు, కప్పు మీదికి పాకిస్తారు. ధనుర్మాసంలో గొబ్బెమ్మల నెత్తిన పెట్టడానికి దాని పూలే కావాలి. పిల్లలకి కోసుకోమని మామ్మ చెప్పేది మగపూలు. వెనక చిన్న పిందె ఉన్న పువ్వు ముట్టుకుంటే చెయ్యి విరుగుతుందని బెదిరించేది. వాకిలి ముందు బంతి, చేమంతి, డిసెంబరాలు ఉండేవి. వాటి సంగతి మా పెద్దత్తయ్య చూసుకునేది, నాకు అంతగా గుర్తులేదు.

బూడిదగుమ్మడి కాయలు తెల్లగా బూడిద పట్టాక కోసి అటక మీద పెట్టేవారు. పుష్యమాసంలో ఓ రోజు చూసి వడియాలు. ముందురోజు సాయంత్రం ముక్కలు తరిగి ఉప్పేసి గుడ్డలో మూటకట్టి పైన బరువు పెడితే రాత్రికి నీరంతా దిగిపోతుంది. తెల్లవారుజామున మినప్పిండి రుబ్బి, అల్లం మిరపకాయ దంచి కలిపి, డాబా లేని ఇళ్ళు కాబట్టి మంచం మీద పాత పంచె పరిచి పెట్టేవారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చెయ్యి సాయానికి వచ్చేవారు. ఆ మర్నాడు వాళ్ళింట్లో వడియాలకి మా వాళ్ళు వెళ్ళేవారు. కాయ ఎవరి పెరటిదైనా వడియాలు అన్ని ఇళ్ళకీ చేరేవి.

విత్తనాలదీ ఇదే వరస. విత్తనం కొనడమంటే ఇంటి ఇల్లాలికి తలవంపు. పందిరి మీద మొదటి కాపులో మంచి కాయ ఒకదానికి గుడ్డపీలిక కట్టేసేవారు. దాన్నిక ఎవరూ ముట్టకూడదు. ముదిరి ఎండి గలగలలాడితేనే కోస్తారు. బీరకాయ అలాగే చూరుకి వేలాడేది. దోసగింజలు పేడలో కలిపి గోడకి కొట్టేవారు. చిక్కుడు గింజలు, కందిగింజలు బూడిద కలిపి ఆనపబుర్రలో పోసి మూతికి గుడ్డ కట్టేవారు. ఆ గింజలు మనుషుల పేర్లతో పిలిచేవారు. చిన్నక్క వంకాయ, అమలాపురం వదినగారి దోస, మా అమ్మగారి చిక్కుడు. చివరిది మామ్మ పుట్టింటిది, పెళ్ళై వచ్చేటప్పుడు కొంగున కట్టుకు వచ్చిందట. ఎవరు అడిగినా ఇచ్చేది గాని, ఉత్తినే కాదు. ఊరికే తీసుకున్న విత్తనం మొలవదనేది. వాళ్ళ దగ్గరున్నది ఏదో ఒకటి, ఆఖరికి గుప్పెడు గోంగూర విత్తులైనా, తెచ్చి ఇవ్వాలి. అలా ఇవ్వడంలో ఓ పెరటి విత్తనం చెడిపోయినా మరో ఇంట్లో బతికి ఉండేది. తుఫానుకి మా చిక్కుడు మొత్తం పోయిన ఏడాది, పక్క వీధిలోంచి మా చిక్కుడే మళ్ళీ మా ఇంటికి వచ్చింది.

రథసప్తమితో ఈ కాలం ముగిసేది. ఆ రోజు చిక్కుడుకాయలతో రథం కట్టి, పిడకల మీద పాలు పొంగించి వండిన పరమాన్నం చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టేవారు. అక్కడినుంచి పొద్దు పెరుగుతుంది, పూత తగ్గుతుంది, మిగిలిన కాయలు విత్తనానికి.

మామ్మ పోయాక మా అమ్మ, పెద్దమ్మ ఆ పెరడును నిలబెట్టారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమలో కొబ్బరిచెట్లను లెక్కలేకుండా కూల్చింది. మా పెంకుటింటి కప్పూ, గేదెల పాకా, దడీ, పందిరీ అన్నీ ఒక్క రాత్రే పోయాయి. పెంకులు మళ్ళీ నేయించే ఓపిక ఎవరికీ లేకపోయింది. స్థలం అన్నదమ్ములు పంచుకున్నారు. పెరటి వైపు రెండు స్లాబు ఇళ్ళు లేచాయి, నుయ్యి పూడ్చారు, చప్టా నీళ్ళు పారిన చోట సెప్టిక్ ట్యాంకు వచ్చింది. ఊరి చివర పొలాలు రొయ్యల చెరువులయ్యాయి, ఆ పక్క ఇళ్ళ బోర్లలో నీళ్ళు ఉప్పు తిరిగాయి. పొద్దున్నే వీధిలోకి కూరల వ్యాను వస్తుంది. మా చెల్లెళ్ళు చదువుకుని ఉద్యోగాలు చేశారు. తెల్లవారుజామున మంచులో బూడిద జల్లమని వాళ్ళని ఎవరడగగలరు? మామ్మ నడుం ఆ పెరట్లోనే వంగిపోయింది, అది నేను చూశాను.

చిక్కుడు ఇప్పుడు ఏడాదంతా దొరుకుతోంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క జయ్, అర్క విజయ్ అనే పొట్టి రకాలు తయారుచేసింది. వాటికి పగటి పొడుగుతో నిమిత్తం లేదు, పందిరీ అక్కర్లేదు. రైతుకి అది మేలే. నా బాధల్లా పందిరి చిక్కుళ్ళ గురించి. ఒక్కో ఊళ్ళో ఒక్కో ఆకారం, ఒక్కో రంగు, ఒక్కో రుచి ఉండేవి. అవి ఏ పుస్తకంలోనూ ఎక్కకుండానే, గింజ మార్చుకునే ఆడవాళ్ళు లేక పోతున్నాయి. ఒక ఇల్లు రెండేళ్ళు వరసగా వెయ్యకపోతే చాలు, బుర్రలో గింజకి పురుగు పడుతుంది.

మా అమ్మగారి చిక్కుడు నాకు తెలిసి ఇప్పుడు ఒక్కచోటే ఉంది, రాజమండ్రిలో మా పిన్ని ఇంటి డాబా మీద. పాత రంగుడబ్బాల్లో మట్టి పోసి పెంచుతోంది. ఆమధ్య ఒక ఏడు తీగ ఎంత పెరిగినా మార్గశిరం వెళ్ళినా పువ్వు రాలేదు. ఎరువు మార్చింది, బూడిద వేసింది, లాభం లేదు. నేను వెళ్ళినప్పుడు రాత్రి డాబా ఎక్కి చూస్తే, వీధిలో కొత్తగా వేసిన స్తంభం దీపం తెల్లటి వెలుగు తెల్లవార్లూ ఆ తీగ మీదే పడుతోంది. దానికి రాత్రన్నదే లేదు. మరుసటి ఆషాఢంలో డబ్బా నీళ్ళ ట్యాంకు వెనక చీకటి వైపుకి మార్చి గింజ పెట్టింది. కార్తీక పౌర్ణమి దాటగానే పిన్ని ఫోను చేసింది.

"పూసిందిరా. ఊదాగీత కాయే. ఈసారి నీకూ గింజలు ఉంచుతాను, రథసప్తమికి రా."

"అలాగే పిన్నీ, తప్పకుండా వస్తాను."

"చేతులూపుకుంటూ రాకు. నీ దగ్గరేం విత్తనం ఉందో అది పట్టుకురా. లేకపోతే ఎక్కడైనా సంపాదించి పట్టుకురా."